మా ఊరి ఆడపిల్లల లెక్క

ఆ ఫారం నింపే రోజుకు వారం ముందే మా ఊళ్ళో ఆడపిల్లలు కనబడటం మానేశారు.

తెల్లారేసరికి తట్టలు పట్టుకుని పేడకు తిరిగే పిల్లలు లేరు. బావి గట్టు మీద పెద్ద బిందెలే తప్ప చిన్న చెంబులు లేవు. అరుగుల మీద బొగ్గుతో గీసిన అష్టాచెమ్మ గళ్ళు గీసినట్టే ఉన్నాయి, గింజలు వేసేవాళ్ళు లేరు. ఆ వారం కొత్తవాళ్ళెవరైనా మా ఊరికి వచ్చి ఉంటే ఇక్కడ ఆడపిల్లలు పుట్టరేమో అనుకునేవాళ్ళు. సర్కారు లెక్కపెట్టాలనుకున్నది ఆ పిల్లలనే.

మా ఊరు గోదావరికి ఆదిలాబాదు వైపు ఒడ్డున, లక్సెట్టిపేటకు బండి కట్టుకుని పోతే ఒక పూట పట్టే దూరంలో ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఐదారేండ్లు. ఆరేండ్లు నిండిన పిల్లలందరూ బడిలో ఉండాలని చట్టం వచ్చిందని, ఏ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో ముందు రాసి పంపాలని పంచాయతీ సమితి నుంచి ఉత్తర్వు వచ్చింది. మా ఊళ్ళో ఉన్నది ఒకే బడి. ఒక గది, ఒక పంతులు. మగపిల్లలు మాత్రమే పోయేవారు. ఆడపిల్లను తీసుకుపోయి మగ పంతులు ముందు, మగపిల్లల నడుమ కూర్చోబెట్టే ఇల్లు మా ఊళ్ళో ఒక్కటీ లేదు. మా ఇల్లూ అంతే.

నాకు ఒక్కతే బిడ్డ. అప్పుడు దానికి ఎనిమిదేండ్లు. మా ఆయన బెల్లంపల్లి వైపు బొగ్గుబాయిలో గుమాస్తా, నెలకొకసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో నేను, మా అత్త, బిడ్డ. నాకు తెలిసిన చదువంతా బిడ్డకు చెప్పేశాను. నాకు తెలిసింది మాత్రం ఎంత! నేను బడి గడప తొక్కలేదు. పెద్దపల్లి దగ్గరి పల్లెలో మా బాపు నాటువైద్యం చేసేవాడు. పొట్లాల మీద శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయ అని రాసిపెట్టే మనిషి కావలసి వచ్చి నాకు అక్షరాలు దిద్దించాడు. ఆయనకు ఆ అవసరం పడకపోతే నేనివాళ ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని కాను. దీపం పెట్టిన ప్రతిసారీ ఆ మేలు తలుచుకుంటాను. కానీ పొట్లాల చదువు కూడికలు, తీసివేతల దగ్గరే ఆగిపోయింది. ఒకరోజు బిడ్డ నా దగ్గరికి పలక పట్టుకొచ్చింది.

"అవ్వా, పన్నెండు జామపండ్లు అయిదుగురికి పంచితే రెండు మిగిలినయి. ఆ రెండింటిని ఏం జెయ్యాలె?"

"దేవుని ముంగట పెట్టు" అన్నాను.

అది నవ్వలేదు. నా చదువు అయిపోయిందని దానికి ఆ రోజే తెలిసిపోయింది.

ఊరి బడి పంతులును అందరూ మౌల్సాబ్ అనేవారు. నైజాం కాలంలో ఉర్దూలో పాఠాలు చెప్పేవాడు. పోలీసు యాక్షన్ తర్వాత తెలుగులోనే చెప్పాలన్నారు. మాట్లాడటం వచ్చు, అక్షరం రాదు. నౌకరి పోయేలా ఉందని మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. నేనప్పుడు కొత్త కోడలిని. గడప లోపల కూర్చుని పలక మీద అక్షరం రాసిస్తే మా అత్త అందుకుని ఆయనకిచ్చేది. ఆయన దిద్ది ఇస్తే తిరిగి నాకందించేది. నడుమ చేట ఒళ్ళో పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరేది.

"మౌల్సాబ్, నీ అచ్చరం కాళ్ళిరిగిన మేక లెక్కున్నది" అని ఎక్కిరించేది.

"మీ కోడలు ఇచ్చిన మేకనే గదవ్వా. నేను తోలుకొస్తున్న, గంతే."

మూడు నెలల్లో నేర్చుకున్నాడు. నా మొహం సరిగా చూడకుండానే నన్ను చెల్లె అనడం మొదలుపెట్టాడు. తోడబుట్టిన వాడిని పోగొట్టుకున్న దాన్ని. ఆ పిలుపు నాకెంతో ఊరటగా ఉండేది.

ఫారాల కట్ట చేతికి రాగానే ఆయన మొదట మా అరుగు మీదికే వచ్చాడు. ఎండన పడి వచ్చాడని బిడ్డ సల్ల తెచ్చి ఇచ్చింది. తాగి, గిలాస పక్కన పెట్టి, గొంతు తగ్గించాడు.

"చెల్లె, సమితిల మీటింగ్ అయింది. సర్కారు తాన ఉన్నది ఒక్కటే తాను గుడ్డ. మా నాయిన దర్జీ, నాకెర్కే, ఒక్క తానుల ఊరందరికి అంగీలు ఎల్లయి. ఇన్నేండ్లు మొగపోరగాండ్లకే కుట్టిన్రు. గీసారి ముందుగాల ఆడపిల్లలకట. యే ఊర్ల ఎక్కువ మందుంటె గా ఊరికి పంతులమ్మ వస్తది, గది గూడ కట్టిస్తరు. కానీ కొలత ఇచ్చినోళ్ళకే అంగీ."

"మనూరికి వస్తదా మౌల్సాబ్?"

"ఎందుకు రాదు? ఇంటికి ఇద్దరు ముగ్గురున్నరాయె. కాయితం మీద కనబడాలె."

"కనబడకుంటే?"

"మల్ల అయిదేండ్ల ప్లాను దాక ఎవ్వలడుగరు" అని, ఖాళీ గిలాస తీసుకుపోతున్న మా బిడ్డ వైపు చూశాడు. "గప్పటికి గీ పొల్లకు పదమూడు. ఇగ గప్పుడు మీరు తోలుతరా?"

తోలం. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ పంతులమ్మ రాకపోతే బిడ్డ చదువు ఆ రెండు జామపండ్ల దగ్గరే ఆగిపోతుంది. స్వామీ, నా మొర విన్నావు అని మనసులోనే దండం పెట్టుకున్నాను. అప్పుడాయన సంచిలోంచి ఫారం తీసి చూపించాడు. ఇంటి నంబరు. ఇంటి పెద్ద పేరు. పిల్ల పేరు. వయసు. కింద వేలిముద్రకు చోటు. 

అలాంటి గళ్ళ కాయితం చూసి పద్నాలుగేండ్లు కావస్తోంది. మొదట నైజాం సర్కారు వాళ్ళు లెవీ ధాన్యం వసూలు కోసం ఏ ఇంట్లో ఎన్ని గింజలున్నాయో రాసుకున్నారు. తర్వాత గింజలు దాచినవాళ్ళ పేర్లు రాసుకున్నారు. ఆ తర్వాత ఒక పొద్దున మా పుట్టిన ఊరి చావడిలో ఒకడు కాయితం విప్పి పేర్లు చదివాడు. మూడో పేరు మా అన్నది. అంగీ తొడుక్కుని వస్తానన్నాడు. తొడుక్కుని వెళ్ళాడు. పోలీసు యాక్షన్ అయ్యాక జైళ్ళు తెరిచారన్నారు. చాలా రోజులు తోవ చూశాం. రాలేదు. అత్తగారి ఊళ్ళోనూ అలాంటి కథ లేని ఇల్లు తక్కువ. ఎవరూ చెప్పుకునేవారు కాదు. కానీ ఎవరైనా కలం తీసి కాయితం మీద పెడితే మా వాడలో మాటలు ఆగిపోయేవి.

మర్నాడు మధ్యాహ్నం వాడలోని ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చారు. అందరికంటే ముందు పక్కింటక్క. ఆమెకు వరసగా ముగ్గురు ఆడపిల్లలు.

"సదువుకున్నదానివి, నువ్వు జెప్పు. గీ పొల్లల పేర్లు రాస్కపోయి ఏం జేస్తరు?"

"బడి పెడ్తరట అక్కా."

"బడి పెట్టెటోనికి పొల్ల వయసెందుకే?" అంది వెనకనుంచి ఒకామె. "వయసడిగెటోడు దేనికడుగుతడో మాకెర్కలేదా?"

"పట్నం తోల్కపోయి హాస్టల్ల ఏస్తరట."

"తలకింత పన్నేస్తరట."

"పన్నేస్తే ఒకదాన్ని సర్కారుకే ఇచ్చేస్త" అంది పక్కింటక్క. "పూటకు మూడు రొట్టెలు తింటది. సాదుమను, తెలుస్తది."

అందరూ నవ్వారు. ఆ నవ్వు నడుమనే తెగిపోయింది. అందరూ నా వైపే చూశారు.

"ధర్మపురి నరసింహసామి మీద ఒట్టు పెట్టి జెప్పు. ఏం గాదా?"

ఆయన మా ఇంటి దేవుడు. ఆయన మీద ఒట్టు పెట్టి తెలియని మాట చెప్పలేను. మౌల్సాబ్ మీద నాకు నమ్మకముంది. కానీ ఆ కాయితం ఆయన చేతులు దాటాక ఎవరి బల్ల మీదికి చేరుతుందో, ఏ పొద్దున ఎవరు విప్పి చదువుతారో నేనెట్లా చెప్పగలను?

"నాకు తెల్వదక్కా" అన్నాను.

వాళ్ళకు ఆ మాట చాలింది. ఆ పొద్దు గూకక ముందే ఆడపిల్లలు ఇండ్లలోకి పోయారు.

వారానికి మౌల్సాబ్ వచ్చాడు. వాడలో ప్రతి తలుపూ సగం తెరిచి ఉంది, ప్రతి తలుపు వెనకా ఒక కొంగు కనిపిస్తోంది.

"మీ ఇంటికెళ్ళే మొదలువెడ్త చెల్లె. మీ ఇంట్ల రాపిచ్చిన్రంటె అందరు రాపిస్తరు" అని నవ్వుతూ కూర్చుని, సిరాబుడ్డి మూత తీశాడు. మా ఆయన పేరు అడగకుండానే రాశాడు.

పొద్దుటి నుంచి బిడ్డను లోపల వడ్ల గుమ్మి వెనక కూర్చోబెట్టాను. మౌల్సాబ్ పోయేదాకా కదలొద్దన్నాను. ఎందుకవ్వా అని అడిగితే తర్వాత చెప్తానన్నాను. ఇలా చేస్తున్నానని మా అత్తకు కూడా చెప్పలేదు.

"పొల్ల పేరు పూరాగ జెప్పు చెల్లె."

"మా ఇంట్ల పొల్ల లేదు మౌల్సాబ్."

కలం ఆగింది. మా అత్త చేతిలో చేట ఆగింది. లోపల గుమ్మి వెనక కాలి పట్టీ ఒక్కసారి చప్పుడు చేసి ఊరుకుంది. ముగ్గురమూ విన్నాం.

"చెల్లె" అన్నాడు మెల్లగా. "నా కండ్లతోటి సూసింది రాస్తే నీ మాట అబద్ధమైతది. నువ్వు జెప్పింది రాస్తే నా రాత అబద్ధమైతది. ఏది రాయాలె?"

"నేను జెప్పింది."

ఆయన కలాన్ని సిరాబుడ్డిలో ముంచాడు. తర్వాత గోడ వైపు చూస్తూ, తనలో తాను చెప్పుకున్నట్టు అన్నాడు: "పోలీసు యాక్షన్ అయినంక మా గల్లీల గూడ ఒకడు కాయితం సదివిండు. మా తమ్ముడు నాష్తా జేస్తున్నడు. తినెటి గిన్నె గట్లనే ఇడిసి పోయిండు."

వంగి, ఆ గడిలో అడ్డంగా ఒక గీత గీశాడు.

ఎదురింట్లో ఆడపిల్ల లేదన్నారు. ఆ పైయింట్లో లేదన్నారు. "గా ఇంట్లనే లేకుంటె మా ఇంట్ల యాడికెళ్ళి వస్తరు మౌల్సాబ్" అందట పక్కింటక్క. ఆమె వెనక గదిలో ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఉన్నారట. ఊరు చివరి దాకా అదే మాట. పొద్దు వాలాక ఆయన కట్ట చంకన పెట్టుకుని మా ఇంటి ముందు నుంచే పోయాడు. అరుగు మీద ఆగలేదు.

పంతులమ్మ మా ఊరి పక్క వాగవతలి ఊరికి మంజూరయింది. అది మా ఊరిలో సగముండదు. గది కట్టడానికి బండ్ల మీద బెంగుళూరు పెంకులు వచ్చాయి. ఆ ఊరికి వేరే బాట లేదు, మూడు రోజుల పాటు ఆ బండ్లు మా ఊరి నడుమ నుంచే పోయాయి. ఇక దాచే పని లేదు కనుక ఆడపిల్లలందరూ బయటికి వచ్చి, వరసగా నిలబడి చూశారు.

"అవ్వా, గవి యాడికి పోతున్నయి?" అని బిడ్డ అడిగింది. వాగవతలికి అన్నాను. 

ఆ సాయంత్రం మౌల్సాబ్‌ను పిలిపించి, తప్పైపోయింది, ఆ గీత కొట్టేసి బిడ్డ పేరు రాయమన్నాను. నేను చేసిన పనికి ఆయన తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

"కాయితం పోయింది చెల్లె. పైసలు గూడ పంచిన్రు. పంచినంక ఎనుకకు తీస్కోరు."

వాగు ఎండేదాకా ఎదురుచూశాను, దేనికో నాకే తెలియదు. తర్వాత ఒకరోజు బిడ్డ చెయ్యి పట్టుకుని వాగు దాటాను. కరీంనగర్ నుంచి వచ్చిన పంతులమ్మ చిన్న వయసు మనిషి. బిడ్డ చేత నాలుగు ముక్కలు చదివించి ముచ్చటపడింది. ఏ ఊరని అడిగింది. చెప్పగానే ఆమె చేతిలో రిజిస్టరు మూతపడింది.

"మీ ఊర్ల ఆడపిల్లలే లేరని రాసి ఉన్నదమ్మా. ఇప్పుడీమె పేరు ఎక్కిస్తే తనిఖీల బయటపడ్తది. రాసిన సార్ మీదికొస్తది" అని, నా మొహం చూసి, "ఇయ్యాల కూసోనియ్యండి. పేరు సంగతి ఆలోచించుకొని చెప్పండి" అంది.

బిడ్డ పోయి ముందు వరసలో కూర్చుంది. వెనక్కి తిరిగి నన్ను చూడనైనా లేదు.

తిరిగి వస్తూ మా ఊరి బడి దగ్గర ఆగి, మౌల్సాబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఆయన బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఎక్కించు."

"మీ నౌకరి..."

"నౌకరి తీసెయ్యరు. తబాదల జేసి వేరే ఊరికి తోలుతరు, గంతే. పొల్లకు తొమ్మిది నడుస్తుంది. నాకు యాభై దగ్గరవడ్డయి. ఎవల ఫికర్ జెయ్యాలె మనం? పో, నీ చేతోటే రాసిరా."

రాసి వచ్చాను. పేరు, వయసు, ఊరు. అక్షరాలు చక్కగా వచ్చాయి.

నెల తిరగకుండానే పక్కింటక్క తన నడిపి పిల్లను తయారు చేసి నా ముందుకు తెచ్చింది. "నీ బిడ్డ పోతుంది గద. దీన్ని గూడ తోల్కపొమ్మను. ఇంట్లుంటె నా పాణం తీస్తుంది." తర్వాత ఎదురింటి పిల్ల. ఆ తర్వాత ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. లేరన్నప్పుడు నా వెంట వచ్చినవాళ్ళే, ఉన్నారన్నప్పుడూ నా వెంట వచ్చారు. పొద్దున్నే పలకలు నెత్తిన పెట్టుకుని వరసగా వాగులోకి దిగుతుంటే ఒడ్డు మీద నిలబడి చూసేదాన్ని. కండ్ల నిండా చూసుకునేదాన్ని. ఆ వెంటనే లెక్కపెట్టేదాన్ని. వాగవతల రిజిస్టరులో ఎక్కిన ప్రతి పేరూ మౌల్సాబ్ రాసిన కాయితాన్ని అబద్ధం చేస్తోంది. పిల్లలు ఎంత బుద్ధిగా పోతే ఆయనకు అంత చేటు. అయినా ఏ తల్లితోనూ నీ బిడ్డను ఆపమని అనలేకపోయాను. నా బిడ్డను ఆపలేదు కదా.

బిడ్డ మాత్రం భాగహారం నేర్చుకుని వచ్చి, మిగిలిన రెండు పండ్లను కోసి పంచే ఉపాయం నాకు గీసి చూపించింది. ఒక్కో ముక్కకూ గీత గీస్తుంటే బాగుంది బిడ్డా అన్నాను. నా చెవులు వాకిట్లో తనిఖీ జీపు చప్పుడు మీదే ఉన్నాయి.

ఎండలు ముదిరాక వచ్చింది ఆ జీపు. అధికారి చెడ్డ మనిషి కాదు. చెప్పులు కిందనే విడిచి అరుగెక్కాడు. మంచినీళ్ళు ఇస్తే రెండు చేతులతో అందుకున్నాడు. తర్వాత ఒక మోకాలి మీద మా ఊరి జాబితా, ఇంకో మోకాలి మీద వాగవతలి రిజిస్టరు పెట్టుకున్నాడు. మౌల్సాబ్ పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను గడప లోపల నిలబడ్డాను.

"అమ్మా, మాష్టారు ఇంటింటికి తిరిగిండ్రా, బడిలనే కూసోని రాసిండ్రా?"

"తిరిగిండ్రు. నేనే లేదన్న."

"మంచిది. మీకు బిడ్డ ఉన్నదని ఈయనకు తెల్వదా మరి?"

తెలియదు అనాలి. ఒక్క మాట. ఆయనకు తెలియదంటే తప్పంతా నాది, ఆడమనిషి భయపడి చెప్పిందని ఊరుకుంటారు. స్వామీ క్షమించు అనుకుని నోరు తెరిచాను.

"ఎర్కనే సాబ్" అన్నాడు మౌల్సాబ్. "ఆ పొల్ల పుట్టిన్నాడు మా ఇంటికి గూడ బెల్లం పంపిన్రు."

మా అత్త తల దించుకుంది. అధికారి కలం మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"మరెందుకు రాయలేదు?"

"భయపడ్డోళ్ళ నోట్లకెళ్ళి పేరు గుంజుకునుడు నాకు చాతగాలే."

అధికారి జాబితానూ రిజిస్టరునూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. "ఈ లెక్కను చూసే పైసలు పంచుతరు మాష్టారూ" అన్నాడు చివరికి. ఆ గొంతులో కోపం లేదు. "మీరు దయ చూపిన్రు. మీ ఊరికి రావలసిన బడి పాయె. అవతలి ఊర్ల సగం బెంచీలు ఖాళీగున్నయి. మీ పిల్లలు వాగు దాటుతున్నరు."

అది నిజమే. 

వానాకాలం ముందర తబాదల ఉత్తర్వు వచ్చింది. ఉట్నూరు అడవుల వైపు, బస్సు కూడా పోని చోటికి. ఆయన సామానంతా ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట. బండి మా ఇంటి ముందు ఆపించాడు. మా అత్త ఎవరి ముందూ తగ్గే మనిషి కాదు. అరుగు దిగి బండి దాకా నడిచి పోయింది.

"మౌల్సాబ్, మా ఇంటి అబద్ధం నీ నెత్తిన వడ్డది."

"పొల్లలు బడికి పోతున్నరు గదవ్వా. ఇంకేం గావాలె నాకు?"

పొద్దుటి నుంచి ఎన్నో మాటలు కూర్చుకుని నిలబడ్డాను.  రెండు చేతులూ జోడించాను.

"పైలం చెల్లె" అన్నాడు. బడి తాళంచెవి తీసి మా అత్త చేతిలో పెట్టాడు. "నా జాగల కొత్తాయన వస్తడు. ఆయనకియ్యిండ్రి."

ఆ తాళంచెవిని దేవుని గూటి పక్కన మేకుకు తగిలించాను. ఒక్క పంతులు బడులకు ఆ యేడు కొత్తవాళ్ళను వేసే వంతు ఇంకా రాలేదని, ముందు వేరే బడులకు ఇచ్చారని ఎవరో చెప్పారు. ఆడపిల్లలు పలకలతో వాగు వైపు పోతుంటే మగపిల్లలు మూసిన బడి మెట్ల మీద కూర్చుని చూసేవారు. కొన్నాళ్ళకు అదీ మానేసి మేకల వెంట పోయారు. వాళ్ళ తల్లులు నన్ను ఒక్క మాట అనలేదు. బావి దగ్గర నేను కనబడితే పక్కకు జరిగి, ముందు నన్ను చేదుకోనిచ్చేవారు. నేను నీళ్ళు ఎత్తుకుని వచ్చేదాకా ఎవరూ మాట్లాడేవారు కాదు.

దీపం పెట్టి బాపును తలుచుకునేదాన్ని. పంతులమ్మను తలుచుకునేదాన్ని. మౌల్సాబ్ ఏ అడవిలో ఉన్నా సల్లగా ఉంచమని మొక్కుకునేదాన్ని. కండ్లు తెరిస్తే ఆ మేకు కనిపించేది. వానలు మొదలయ్యాయి. వాగులో దాటలేనంత ఎర్ర నీళ్ళు దిగాయి. తాళంచెవి కోసం ఎవరూ రాలేదు.